భయం ఒక చోట, ప్రమాదం మరో చోట

ఓపీకి బీపీ చూపించుకోవడానికి వచ్చినవాళ్లు కూడా ఈమధ్య మందుల చీటీ చేతికి అందాక, లేచి వెళ్లబోతూ క్యాన్సర్ గురించి ఒక మాట అడుగుతున్నారు. నాన్‌స్టిక్ పెనం వాడొచ్చా? ఇంటి ఎదురుగా సెల్ టవర్ ఉంటే పిల్లలకు ఏమైనా అవుతుందా? ఫ్రిజ్‌లో పెట్టిన పిండితో దోసెలు వేసుకుంటే ముప్పా? అడగడం మంచిదే. ఒకప్పుడు ఆ పేరు పైకి పలకడానికే జంకి ‘ఆ జబ్బు’ అనేవాళ్లు. ఇప్పుడు నోరు తెరిచి అడుగుతున్నారు. కాకపోతే, సెల్ టవర్ గురించి అంత ఆందోళనగా అడిగిన పెద్దమనిషినే ఈసీజీ కోసం చొక్కా విప్పమంటే జేబులోంచి ఖైనీ పొట్లం, సున్నం డబ్బీ బయటపడతాయి. వాటి గురించి మాత్రం ఆయన అడగరు. మనం అడిగితే, ‘అబ్బే, ఎక్కువేం కాదండీ, భోజనమయ్యాక కాస్త’ అంటారు.

మన భయం ఒక చోట ఉంది, ప్రమాదం మరో చోట ఉంది. ఈ రెండింటినీ ఒక చోటికి తేగలిగితే సగం పని అయినట్టే.

అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ (ఐఏఆర్‌సీ) అంచనా ప్రకారం 2022లో మన దేశంలో కొత్తగా 14 లక్షల మందికి పైగా క్యాన్సర్ బారిన పడ్డారు. 9 లక్షల మందికి పైగా దానితో చనిపోయారు. మగవాళ్లలో నోటి క్యాన్సర్, ఆడవాళ్లలో రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లు ముందు వరుసలో ఉన్నాయి. మొత్తం క్యాన్సర్లలో 30 నుంచి 50 శాతం దాకా రాకుండా ఆపుకోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చాలాకాలంగా చెబుతోంది. తక్కువలో తక్కువగా 30 శాతమే లెక్కేసుకున్నా, ఏటా నాలుగు లక్షలకు పైగా ఇళ్లకు తప్పించగలిగిన కష్టం ఇది. తప్పించే మార్గాలు కొత్తవేమీ కావు, ఖరీదైనవీ కావు. వాట్సాప్‌లో తిరిగేంత వింతగా కూడా ఉండవు. బహుశా అందుకే వాటిని ఎవరూ పట్టించుకోరు.

వాట్సాప్ మాట వచ్చింది కాబట్టి ఒక గందరగోళం ముందే తేల్చుకుందాం. ‘ఫలానాది క్యాన్సర్ కారకాల జాబితాలో ఉంది’ అని వార్త రాగానే గుండెల్లో రాయి పడుతుంది. ఐఏఆర్‌సీ చేసే ఆ వర్గీకరణ ఒక వస్తువు క్యాన్సర్ తెస్తుందనడానికి సాక్ష్యం ఎంత గట్టిగా ఉందో చెబుతుంది. ప్రమాదం ఎంత పెద్దదో చెప్పదు. పొగాకూ, సాసేజ్‌ల వంటి ప్రాసెస్ చేసిన మాంసమూ రెండూ మొదటి వర్గంలోనే ఉన్నాయి. అంటే రెండింటి మీదా నేరం రుజువైందని అర్థం. రెండింటికీ ఒకే శిక్ష పడాలని కాదు. సెల్‌ఫోన్ తరంగాలను 2011లో ‘అవకాశం ఉండొచ్చు’ అనే 2బి వర్గంలో చేర్చారు. అదే వర్గంలో తూర్పు ఆసియా దేశాల్లో ఊరబెట్టి తినే కూరగాయలు కూడా ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం చేసి 2024లో ప్రచురించిన పెద్ద సమీక్షలో సెల్‌ఫోన్ వాడకానికీ మెదడు క్యాన్సర్‌కూ సంబంధం కనిపించలేదు. టవర్ గురించి నిద్ర మానుకోనక్కర్లేదు. ఇక లక్ష్మణఫలం కీమోథెరపీ కన్నా వేల రెట్లు బలమైనదన్న సందేశం ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంది. పండు తినాలనిపిస్తే తినండి. దాన్ని నమ్ముకుని చికిత్స వాయిదా వేయడం మాత్రం ప్రాణాల మీదికి తెస్తుంది.

పొట్లంలో ఉన్నది

మిగతావన్నీ మరిచిపోయినా ఫర్వాలేదు, పొగాకు ఒక్కటి గుర్తుంటే చాలు. 2016-17లో జరిగిన జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో పెద్దవాళ్లలో 28.6 శాతం మంది, అంటే 26 కోట్లకు పైగా, ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. వాళ్లలో పొగ తాగేవాళ్ల కంటే నమిలేవాళ్లే రెట్టింపు. ఖైనీ, గుట్కా, జర్దా కిళ్లీ, పళ్లకు రుద్దుకునే పొగాకు పొడి, ఇలా ఊరికో రూపం. ‘పొగ రాదు కదా, ఊపిరితిత్తులకేం కాదు కదా’ అన్న ధీమా వీళ్లది. నిజమే, పొగ రాదు. కానీ పొగాకులోని విషాలు గంటల తరబడి బుగ్గలోనే ఊరుతుంటాయి. దానికి కలిపే సున్నం నికోటిన్‌ను రక్తంలోకి త్వరగా ఎక్కిస్తుంది, బుగ్గలోపలి పొరను కాలుస్తుంది. ఖైనీ పెట్టుకునేవాళ్లకు పుండు సరిగ్గా ఆ పెట్టుకునే చోటే లేస్తుంది. ఇంతకంటే సూటిగా సాక్ష్యం చెప్పే జబ్బు వైద్యంలో తక్కువ.

వక్క సంగతి ఇంకా తక్కువ మందికి తెలుసు. పొగాకు కలవని వట్టి వక్క కూడా క్యాన్సర్ కారకమే. ఐఏఆర్‌సీ దాన్ని మొదటి వర్గంలోనే పెట్టింది. పేరంటంలో తాంబూలంతో వచ్చిన వక్క పలుకు గురించి కాదు నా బాధ. రోజుకు పది పాన్ మసాలా పొట్లాలు చించే ఇరవై ఏళ్ల కుర్రాళ్ల గురించి. కొన్నేళ్లలో వాళ్ల బుగ్గలు లోపల బిరుసెక్కి, తెల్లగా పాలిపోయి, నారలా బిగుసుకుపోతాయి. మొదట కనిపించే లక్షణం చాలా చిన్నది: కూరలో కారం తగిలితే నోరు భగ్గుమంటుంది. ‘వేడి చేసింది’ అని మజ్జిగ తాగి ఊరుకుంటారు. తర్వాత నోరు తెరుచుకోవడం తగ్గుతుంది. అద్దం ముందు నిలబడి నోరు పూర్తిగా తెరిచి, మీ మూడు వేళ్లను నిలువుగా ఒకదాని మీద ఒకటి ఉంచి పళ్ల మధ్య పెట్టి చూడండి. పట్టకపోతే దంత వైద్యుడి దగ్గరికో, ఈఎన్‌టీ దగ్గరికో ఆ వారంలోనే వెళ్లండి. ఆ బిగుసుకున్న నోరు అందరిలోనూ క్యాన్సర్‌గా మారదు. కానీ మారే అవకాశం మామూలు నోటికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ.

ఉత్తరాంధ్ర వాళ్లకు ‘అడ్డపొగ’ అంటే వేరే చెప్పక్కర్లేదు. చుట్ట నిప్పు వైపును నోట్లోకి పెట్టుకుని తాగడం. శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో, మత్స్యకార గ్రామాల్లో పెద్ద వయసు ఆడవాళ్లలో ఇది తరతరాలుగా ఉంది. గాలికి ఆరిపోదు, నీళ్లలో పని చేస్తున్నా తడవదు, ఒక్క చుట్ట ఎక్కువసేపు వస్తుంది. వాళ్ల లెక్కలు వాళ్లకున్నాయి. అంగిలికి వచ్చే క్యాన్సర్ ప్రపంచంలో చాలా చోట్ల అరుదు. కోస్తాంధ్రలో అది ఎందుకు అంత ఎక్కువగా ఉందో, దానికీ ఈ అలవాటుకూ ఉన్న ముడి ఏమిటో 1950లలోనే ఇక్కడి వైద్యులు రాశారు. ఆ తర్వాత ముంబైలోని టాటా పరిశోధన సంస్థ వాళ్లు శ్రీకాకుళం జిల్లాతోపాటు కేరళలోని ఎర్నాకుళం, గుజరాత్‌లోని భావనగర్ జిల్లాల్లో 36 వేల మంది పొగాకు వాడేవాళ్లను ఏళ్ల తరబడి గమనించారు. ఇంటింటికీ వెళ్లి నోరు పరీక్షించి, పొగాకు మానమని చెప్పడం వాళ్లు చేసిన ‘చికిత్స’. ఒక్క మాత్ర కూడా ఇవ్వలేదు. మానినవాళ్లూ, తగ్గించినవాళ్లూ పెరిగారు. క్యాన్సర్‌కు ముందు వచ్చే నోటి మచ్చలు కొత్తగా పుట్టడం తగ్గింది. 1986లో ఆ ఫలితాలు లాన్సెట్ పత్రికలో వచ్చాయి. చదువు లేని పల్లెల్లో ఊరికే చెబితే ఎవరు వింటారు అనేవాళ్లకు మన జిల్లా నుంచే వెళ్లిన జవాబు అది.

ఇక మానడం సంగతి. ‘ఇన్నేళ్లు తాగాను, ఇప్పుడు మానితే ఒరిగేదేముంది’ అన్నది అందరికన్నా ఎక్కువగా వినిపించే మాట. దీనికి బ్రిటన్‌లో డాక్టర్ల మీదే చేసిన అధ్యయనం ఉంది. రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ 1951లో మొదలుపెట్టి 34 వేల మందికి పైగా మగ డాక్టర్లను యాభై ఏళ్ల పాటు గమనించారు. సిగరెట్ కొనసాగించినవాళ్లతో పోలిస్తే ముప్పై ఏళ్ల వయసులో మానినవాళ్లకు సుమారు పదేళ్ల ఆయుష్షు, నలభైలో మానితే తొమ్మిదేళ్లు, యాభైలో మానితే ఆరేళ్లు, అరవైలో మానినా మూడేళ్లు కలిసొచ్చాయి. అరవై ఏళ్ల మనిషికి మూడేళ్లంటే మనవరాలి పెళ్లి చూడటమో, పొలం పంపకాలు గొడవ లేకుండా తేల్చడమో. తక్కువేం కాదు.

మానేటప్పుడు మొదటి మూడు రోజులు గడ్డుగా ఉంటాయి. చిరాకు, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం. రెండు నుంచి నాలుగు వారాల్లో సర్దుకుంటాయి. కావాలనిపించే తహతహ వచ్చినప్పుడు అది కొద్ది నిమిషాలే ఉంటుంది; ఆ కాసేపు గడిపేస్తే వెనక్కి తగ్గుతుంది. సోంపు, లవంగం, ఎండు ఉసిరి ముక్క, ఏదైనా సరే, నోటికీ చేతికీ పని పెట్టాలి. వక్క మాత్రం వద్దు. ‘బీడీ కాలిస్తేగానీ పొద్దున్నే దొడ్డికి రాదు’ అనేవాళ్లు కోకొల్లలు. నికోటిన్ పేగును కదిలిస్తుంది కాబట్టి ఆ మాటలో అబద్ధం లేదు. గోరువెచ్చని నీళ్లు, పీచున్న కూరలు, నాలుగు వారాల ఓపిక ఉంటే పేగు తన పని తాను నేర్చుకుంటుంది. అప్పటికీ కుదరకపోతే నికోటిన్ చూయింగ్ గమ్ ఉంది, డాక్టరు సలహాతో వాడే మాత్రలున్నాయి. 1800-11-2356 అనే ఉచిత నంబరుకు ఫోన్ చేస్తే మానడానికి దగ్గరుండి సాయం చేస్తారు. ఆ నంబరు మీ పొట్లం మీదే అచ్చేసి ఉంటుంది. కుళ్లిన నోటి బొమ్మను చూడలేక చూపు తిప్పుకునేవాళ్లకు అది కనపడదు.

ప్రభుత్వానికి కూడా ఒక మాట. గుట్కాపై నిషేధం కాగితం మీద ఉంది. దుకాణంలో మాత్రం పాన్ మసాలా ఒక పొట్లం, పొగాకు ఒక పొట్లం, పక్కపక్కన వేలాడుతుంటాయి. కొన్నవాడు అరచేతిలో కలుపుకుంటాడు. బడికి వంద గజాల లోపు పొగాకు అమ్మకూడదని 2003 నాటి చట్టం చెబుతోంది. ఏ ఊరి హైస్కూలు గేటు ముందైనా నిలబడి అడుగులు లెక్కపెట్టి చూడండి. పొగాకు బోర్డు గుంటూరులో ఉన్న నేల మనది. చుట్ట మహిమ చెప్పి శిష్యుణ్ని మురిపించిన గిరీశం పుట్టిన భాష మనది. పంటతో, మాటతో ఇంతగా పెనవేసుకున్నదాన్ని ఒక్క నిషేధంతో పెరికేయలేం. నిజమే. కానీ పదమూడేళ్ల పిల్లాడికి మొదటి పొట్లం అందకుండా చూడటం పోలీసులకూ, పంచాయతీకీ చేతకాని పనేం కాదు.

సీసాకు కులం లేదు

మందు విషయంలో మనవాళ్లు చెప్పే సాకులు రకరకాలు. బీరు మందే కాదు. కల్లు ఆరోగ్యం. వైన్ గుండెకు మంచిదట. ఖరీదైనదైతే ఏం కాదు. క్యాన్సర్ దగ్గర ఈ తేడాలేవీ చెల్లవు. అన్నింట్లో ఉన్నది ఒకే ఆల్కహాల్. అది శరీరంలో ఎసిటాల్డిహైడ్‌గా మారి కణాల డీఎన్‌ఏను దెబ్బ తీస్తుంది. నోరు, గొంతు, స్వరపేటిక, అన్నవాహిక, కాలేయం, పెద్దపేగు, ఆడవాళ్లలో రొమ్ము: ఇన్ని చోట్ల క్యాన్సర్‌కు మద్యం కారణమని తేలింది. ఆరోగ్యానికి హాని చేయని మోతాదంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా ప్రకటించింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో మందు తాగే మగవాళ్లు 19 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 23, తెలంగాణలో 43 శాతం. పెళ్లికీ దావత్, చావుకీ దావత్ అయిపోయిన చోట తాగనివాడే సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తోంది. పొగాకూ మందూ కలిస్తే ప్రమాదం కూడికలా పెరగదు, గుణకారంలా పెరుగుతుంది. పెగ్గు ఉన్నప్పుడే సిగరెట్ తాగుతానని సమాధానపడేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి. తాగడం ఒకేసారి మానలేనివాళ్లు తగ్గించినా మేలే. అయితే రోజూ ఎక్కువగా తాగేవాళ్లు ఉన్నట్టుండి ఆపితే వణుకు, ఫిట్స్ రావచ్చు. వాళ్లు డాక్టరు సాయంతోనే మానాలి.

బెల్టు షాపుల గురించి వేరే రాయాల్సిన పని లేదు. మందులషాపు లేని ఊళ్లో కూడా అవి ఉన్నాయి.

పళ్లెం, నడుము, నడక

ఊబకాయానికీ క్యాన్సర్‌కూ ముడి ఉందని చెబితే షుగర్ పేషెంట్లు కూడా ఆశ్చర్యపోతారు. గుండెకు చెడ్డదని తెలుసు, మోకాళ్లకు చెడ్డదని తెలుసు. క్యాన్సర్ సంగతి ఎవరూ చెప్పలేదంటారు. ఒంట్లో అధిక కొవ్వు 13 రకాల క్యాన్సర్ల ముప్పు పెంచుతుందని ఐఏఆర్‌సీ 2016లో తేల్చింది. నెలసరి ఆగిపోయాక వచ్చే రొమ్ము క్యాన్సర్, గర్భసంచి లోపలి పొర క్యాన్సర్, పెద్దపేగు, క్లోమం, కాలేయం అందులో ఉన్నాయి. కొవ్వు ఊరికే మూలన కూర్చునే మూట కాదు. నెలసరి ఆగిన తర్వాత కూడా అది ఈస్ట్రోజెన్ తయారుచేస్తూనే ఉంటుంది, ఇన్సులిన్‌ను పెంచుతుంది. ఈ రెండూ కణాలను అదేపనిగా పెరగమని తొందరపెడతాయి. మగవాళ్లకు నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటకూడదు. కొలవాల్సింది ప్యాంటు కట్టుకునే చోట కాదు, పక్కటెముకల చివరికీ తుంటి ఎముకకూ మధ్యలో. పొట్ట కింద ప్యాంటు కట్టుకుని ‘నాది 34 సైజే’ అనుకునేవాళ్లు టైలర్‌ను మోసగించగలరు, టేపును కాదు. ఆంధ్రప్రదేశ్ మహిళల్లో ప్రతి ముగ్గురిలో ఒకరికి పైగా అధిక బరువుతోనో, ఊబకాయంతోనో ఉన్నారని పైన చెప్పిన సర్వేలోనే ఉంది.

ఏం తినాలి అన్నదానికి కొత్త పండు పేరు ఏదైనా చెబుతానని చాలామంది ఎదురుచూస్తారు. నా దగ్గర లేదు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో కూరగాయలు, పండ్లు కలిపి రోజుకు 500 గ్రాములు తినమంది. మన పళ్లెం చూసుకుంటే అన్నం కొండంత, కూర దాని పక్కన గోరంత. ఆ లెక్క తిరగేస్తే చాలు. గోంగూర, తోటకూర, బీరకాయ, చిక్కుడు, దోసకాయ, జామ: అన్నీ వారం సంతలో దొరికేవే. పీచు పెద్దపేగును కాపాడుతుందనడానికి మంచి ఆధారాలున్నాయి. కందిపప్పు, పెసలు, ఉలవచారు, జొన్నరొట్టె, ఇవన్నీ పీచే. మాంసం మానక్కర్లేదు, ఆదివారం కోడికూర తిన్నందుకు ఎవరికీ క్యాన్సర్ రాదు. ప్యాకెట్లలో వచ్చే సాసేజ్‌లు, సలామీలు మాత్రం పిల్లలకు అలవాటు చేయకండి.

ఆవకాయ గురించి అడగకుండా తెలుగువాళ్లు వదలరు. ఆవకాయను నేను బోనులో నిలబెట్టను. కానీ ఉప్పు ఎక్కువైతే జీర్ణాశయం లోపలి పొర దెబ్బతింటుంది. ఉప్పులో నిల్వచేసిన పదార్థాలు బాగా తినే చోట్ల జీర్ణాశయ క్యాన్సర్ ఎక్కువ. రోజుకు 5 గ్రాముల ఉప్పు, అంటే ఒక చిన్న చెంచా, చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఊరగాయ, ఊరమిరపకాయ, అప్పడం, పైన మజ్జిగలో ఉప్పు అన్నీ ఒకే పూట పడితే ఆ చెంచా మధ్యాహ్నానికే నిండిపోతుంది. నోరు కాలేంత వేడిగా, పొగలు కక్కుతుండగా టీ జుర్రుకునే అలవాటు కూడా మానండి. 65 డిగ్రీలు దాటిన పానీయాలు అన్నవాహికకు మంచివి కావు. నాలుగు నిమిషాలు చల్లారనిస్తే రుచి ఎక్కడికీ పోదు.

రాయలసీమ, పాలమూరు పాఠకులకు ప్రత్యేకంగా ఒక సంగతి. వేరుశెనగ, మొక్కజొన్న తేమ తగిలి బూజు పడితే దానిలో అఫ్లటాక్సిన్ అనే విషం పుడుతుంది. ఇది కాలేయ క్యాన్సర్‌కు రుజువైన కారణం. హెపటైటిస్-బి ఉన్న మనిషి దాన్ని తింటే ముప్పు అనేక రెట్లవుతుంది. ఇళ్లలో మంచి పప్పులు అమ్మకానికి ఏరి, ముడతపడ్డవీ నల్లబడ్డవీ ఇంటి పచ్చడికి ఉంచుకోవడం చూస్తుంటాం. వేయిస్తే విషం పోతుందనుకుంటారు. పూర్తిగా పోదు. బూజు వాసన వచ్చినవి, రంగు మారినవి, చేదుగా ఉన్నవి పారేయండి. కాయలను బాగా ఎండబెట్టి, బస్తాలను నేల మీద కాకుండా చెక్క మీద పెట్టి, గాలి తగిలేలా నిల్వ చేయండి. ఈ ఒక్క జాగ్రత్త పసుపు మాత్రల డబ్బాలన్నింటికన్నా విలువైనది.

నడక గురించి పేజీలు నిండేలా ఇదివరకే చెప్పుకున్నాం. వారానికి 150 నిమిషాలు, కాస్త ఆయాసం వచ్చే వేగంతో. ఇంటిపని చేస్తున్నాం కదా అనే తల్లులకు: మీ పని లెక్కలోకి వస్తుంది, ఒళ్లు కదిలి ఊపిరి పెరిగేంతగా ఉంటే. కట్టెల పొయ్యి పొగ కూడా ఊపిరితిత్తుల క్యాన్సర్ కారకాల్లో అనుమానితురాలే. గ్యాస్ ఉన్నా నీళ్లు కాగబెట్టడానికి కట్టెలే వాడేవాళ్లు పొయ్యిని వంటింట్లోంచి బయటికి మార్చాలి. బిడ్డకు పాలివ్వడం తల్లికి కూడా రక్ష. 30 దేశాల అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, పాలిచ్చిన ప్రతి 12 నెలలకు రొమ్ము క్యాన్సర్ ముప్పు 4 శాతానికి పైగా తగ్గినట్టు తేలింది. అందం చెడుతుందని డబ్బా పాలు పట్టించే అత్తగార్లకూ, అమ్మలకూ ఈ లెక్క చూపించండి.

సూది మందుతో ఆగే క్యాన్సర్లు

క్యాన్సర్ అంటువ్యాధి కాదు. కానీ కొన్ని క్యాన్సర్లకు దారి తీసే వైరస్‌లు అంటుకుంటాయి. హెపటైటిస్-బి పుట్టినప్పుడే తల్లి నుంచి సోకితే పదిమంది పిల్లల్లో తొమ్మిదిమందికి అది జీవితాంతం ఉండిపోతుంది. నలభై దాటాక కాలేయం గట్టిపడటం, క్యాన్సర్ రావడం ఆ వైరస్ పనే. పుట్టిన 24 గంటల్లో వేసే టీకాతో దీన్ని చాలావరకు ఆపొచ్చు. కాన్పు ఎక్కడైనా సరే, ఆ మొదటి రోజు టీకా వేశారా అని అడిగి, కార్డులో రాయించుకోండి. పెద్దవాళ్లు ఒక్కసారైనా రక్తపరీక్ష చేయించుకోవాలి. పాజిటివ్ వస్తే పసరు మందుల వెంట పడకండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో 2018 నుంచి ఒక జాతీయ కార్యక్రమం కింద పరీక్షలూ మందులూ ఉచితంగా ఇస్తున్నారు.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు దాదాపు ప్రతి కేసులోనూ కారణం హెచ్‌పీవీ. దానికి టీకా ఉంది; మన దేశంలోనే తయారైన టీకాకు 2022లో అనుమతి వచ్చింది. 9 నుంచి 14 ఏళ్ల మధ్య వేస్తే బాగా పనిచేస్తుంది. ఇక్కడ తెలుగువాళ్లకు ఒక పాత గాయం ఉంది. 2009లో ఖమ్మం జిల్లాలో వేలమంది ఆడపిల్లలకు ఈ టీకాను ఒక అధ్యయనంలో భాగంగా వేశారు. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలతో 2010లో దాన్ని ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణ సంఘం అభిప్రాయపడింది. కానీ తల్లిదండ్రుల అనుమతి తీసుకున్న తీరులో లోపాలున్నాయని కూడా అదే సంఘం చెప్పింది. హాస్టల్ వార్డెన్ల సంతకాలతో పని కానిచ్చేయడం సరైంది కాదు. ఆ తల్లుల కోపం న్యాయమైనది. టీకా మంచిదన్నదీ నిజమే. ఈ రెండు నిజాలనూ కలిపి చెప్పకపోవడం వల్లే అనుమానం ఇప్పటికీ మిగిలింది. మీ పిల్లకు టీకా వేస్తామని ఎవరైనా అడిగితే వివరాలన్నీ అడగండి, జవాబులు రాబట్టండి, ఆ తర్వాత వేయించండి.

ఇన్ని చెప్పాక ఒక ఇబ్బందికరమైన మాట కూడా చెప్పాలి. ఏ దురలవాటూ లేనివాళ్లకూ క్యాన్సర్ వస్తుంది. వయసు ఉంది, వంశంలో వచ్చే జన్యువులున్నాయి, ఎవరికీ అర్థంకాని దురదృష్టం ఉంది. అలవాట్లు మార్చుకోవడం ముప్పు తగ్గిస్తుంది, హామీ ఇవ్వదు. రొమ్ము క్యాన్సర్ వచ్చిన ఆవిడ మంచం పక్కన నిలబడి ‘ఏం తిన్నావమ్మా, ఏం చేశావు’ అని ఆరా తీసే చుట్టాలను వార్డులో రోజూ చూస్తాం. ఆవిడ చేసిన తప్పేమీ లేకపోవచ్చు. ఖైనీ తిని నోటి క్యాన్సర్ తెచ్చుకున్న కూలీని కూడా నిలదీయాల్సిన పని లేదు. ఆకలి చంపుకోవడానికి పదేళ్ల వయసులో మొదలుపెట్టిన అలవాటు అది. ముందు జాగ్రత్త గురించి మాట్లాడాల్సింది జబ్బు రానివాళ్లతో. వచ్చినవాళ్లకు కావాల్సింది చికిత్స, తోడు, ఆరోగ్యశ్రీ కాగితాల దగ్గర కాస్త సాయం.

అలవాట్లకు తోడు పరీక్ష కూడా ఉంటేనే రక్షణ. రెండు వారాలు దాటినా మానని నోటి పుండు, చెరిగిపోని తెల్ల లేదా ఎర్ర మచ్చ, రొమ్ములో గడ్డ, నెలసరి ఆగిపోయాక మళ్లీ రక్తం కనిపించడం, తగ్గని బొంగురు గొంతు, మింగుతుంటే అడ్డుపడటం: నొప్పి లేదని వీటిని వదిలేయకండి. తొలిదశ క్యాన్సర్ చాలామందిలో నొప్పి పెట్టదు. తిరువనంతపురంలో పొగాకు, మద్యం అలవాటున్నవాళ్ల నోటిని శిక్షణ పొందిన కార్యకర్తలు టార్చిలైటుతో చూసి అనుమానం ఉన్నవాళ్లను పంపిస్తేనే, నోటి క్యాన్సర్ మరణాలు మూడోవంతు తగ్గాయని 2005లో ప్రచురించిన అధ్యయనం చెప్పింది. పెద్ద మిషన్లేవీ లేవు. ఒక టార్చిలైటు, చూడటం వచ్చిన ఒక మనిషి.

ఇప్పుడు 30 ఏళ్లు దాటినవాళ్లందరికీ నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం పరీక్షలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితం. పల్లె దవాఖానా, బస్తీ దవాఖానా, విలేజ్ క్లినిక్, మీ దగ్గర దాన్ని ఏ పేరుతో పిలిస్తే అక్కడికి వెళ్లండి. దానికి ముందు ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి ఒక ఫారం నింపుతుంది. వయసెంత, పొగాకు వాడతారా, రోజూ మందు తాగుతారా, వారానికి ఎంతసేపు ఒళ్లు వంచుతారు, వంట దేని మీద, నోట్లో మానని పుండు ఉందా అని అడుగుతుంది. మార్కులు నాలుగు దాటితే ముందుగా పరీక్షకు పంపుతుంది. ఇంట్లో అత్తగారు విన్నా, పక్కింటివాళ్లు విన్నా జవాబులు ఉన్నదున్నట్టు చెప్పండి. లేదా ‘పక్కకు రామ్మా, చెబుతాను’ అనండి. టేపు తీసి నడుము కొలిచేటప్పుడు మాత్రం ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కోకండి.